పాఠకుల ప్రశ్నలు: లోహ అయాన్ల సమక్షంలో న్యూక్లియోటైడ్ల కూడిక

ప్రశ్న: లిథియం, సోడియం, పొటాషియం అయాన్లకు ఉన్నది ఒకే ధనావేశం. అయినా జీఎంపీ (గ్వానోసిన్ మోనోఫాస్ఫేట్; నైట్రోజన్ ఉన్న క్షారం, చక్కెర, ఫాస్ఫేటు కలిసిన న్యూక్లియోటైడ్ అణువు) ద్రావణంలో పొటాషియం ఉన్నప్పుడే అణువులు బాగా కూడుకుంటాయని చదివాను. ఈ తేడా ఎందుకు? మా ఎం.ఎస్సీ. విద్యార్థుల చేత బజారులో దొరికే జీఎంపీ డైసోడియం లవణంతో, మూడు క్లోరైడ్లను విడివిడిగా కలిపించి, ఈ ప్రయోగం చేయించవచ్చా?
– ఒక అధ్యాపకురాలు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: గాఢమైన గ్వానిలిక్ ఆమ్ల (జీఎంపీకే మరో పేరు) ద్రావణం జెల్‌గా మారుతుందని ఇవార్ బాంగ్ 1910లోనే గమనించాడు. దాని లోపలి అమరికను 1962లో గెలర్ట్, లిప్సెట్, డేవిస్ ఎక్స్-కిరణాల సహాయంతో వివరించారు. నాలుగు గ్వానిన్ క్షారాలు ఎనిమిది హైడ్రోజన్ బంధాలతో ఒక చదునైన చతుష్కంగా ఏర్పడతాయి. ఆ చతుష్కాలు సుమారు 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో, ఇడ్లీ స్టాండులోని రేకుల వలె ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. స్టాండు మధ్యలోని కడ్డీ స్థానంలో ఇక్కడ ఉండేవి లోహ అయాన్లు. ప్రతి గ్వానిన్‌లోని ఆరవ స్థానపు ఆక్సిజన్ లోపలివైపు తిరిగి ఉంటుంది గనుక, అయాను లేకపోతే మధ్యలో చేరిన రుణావేశపు ఆక్సిజన్లు ఒకదానినొకటి వికర్షించి, కట్టడాన్ని బలహీనపరుస్తాయి.

పొటాషియం రెండు చతుష్కాల నడుమ కుదురుకొని ఎనిమిది ఆక్సిజన్లతో బంధం పెట్టుకోగలదు. సోడియం చిన్నది గనుక ఒక చతుష్కపు తలంలోనే ఇమిడిపోగలదు. అయితే పరిమాణం ఒక్కటే కారణమని చెప్పి ఊరుకోవడం నాకు సరిగా తోచదు. ఆక్సిజన్ల పంజరంతో కట్టే బంధాన్ని మాత్రమే లెక్కిస్తే సోడియం పొటాషియానికి తీసిపోదు. అసలు తేడా అంతా నీటి దగ్గర వస్తుంది. నీటిలో ఉన్న ప్రతి అయానూ తన చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకొని ఉంటుంది, ఆ పంజరంలోకి రావాలంటే వాటిని వదులుకోవాలి. అందుకు చెల్లించవలసిన శక్తి మోలుకు పొటాషియం విషయంలో సుమారు 295, సోడియంకు 365, లిథియంకు 475 కిలోజౌళ్లు. లిథియం అతి చిన్నది, నీటిని వదలడానికి అన్నింటికన్నా మొండిది. అందుకే కూడికకు తోడ్పడటంలో అది అట్టడుగున నిలుస్తుంది.

ఇక మీ ప్రయోగం సంగతి. డైసోడియం లవణం వాడితే, ఒక్కొక్క జీఎంపీ అణువుతో పాటు రెండేసి సోడియం అయాన్లు ముందే వచ్చి చేరుతాయి, కాబట్టి మీరు ‘లిథియం’ అని చీటీ అంటించిన గొట్టంలోనూ సోడియం పుష్కలంగా ఉంటుంది. దాని ఫలితాన్ని లిథియంకు ఆపాదించడం న్యాయం కాదు. ముందుగా అయాన్ల మార్పిడి రెసిన్ ద్వారా సోడియాన్ని తొలగించి, ఆ ఆమ్లాన్ని మీకు కావలసిన లోహపు హైడ్రాక్సైడ్‌తో తటస్థీకరించుకోండి. మూడు గొట్టాలలోనూ గాఢత, ఉష్ణోగ్రత, పీహెచ్ ఒకటే ఉండాలి. ముఖ్యంగా పీహెచ్ 9 దాటనివ్వకండి, ఎందుకంటే అక్కడ గ్వానిన్ మొదటి స్థానపు నైట్రోజన్ తన ప్రోటాన్‌ను కోల్పోయి చతుష్కం విడిపోతుంది. విశాఖ వేసవిలో గది వేడిని నమ్ముకోవడం కన్నా మంచు నీళ్ల తొట్టిలో చేయడం మేలు, ఎందుకంటే వేడెక్కితే ఈ కట్టడం కరిగిపోతుంది, చల్లారితే మళ్లీ ఏర్పడుతుంది. చిరుతిళ్ల పొట్లాలపై 627 అనే సంఖ్యతో కనబడేది ఈ లవణమే అయినా, ఆ పొట్లం పొడిలో మామూలు ఉప్పు కలిసి ఉంటుంది గనుక అది ప్రయోగానికి పనికిరాదు.

ప్రశ్న: ఏటీపీ (కణాలకు శక్తినందించే అడెనోసిన్ ట్రైఫాస్ఫేట్) గురించి ఎక్కడ చదివినా మెగ్నీషియం పేరు ఎందుకు వస్తుంది? అదీ పొటాషియం లాగానే పనిచేస్తుందా?
– ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: లేదు, దానికి నచ్చే చోటు వేరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరం నుంచి వేరు చేసిన ఈ అణువుకు మూడు ఫాస్ఫేటుల తోక ఉంటుంది. తటస్థ ద్రావణంలో ఆ తోక నిండా రుణావేశమే. మెగ్నీషియం తన నీటిలో అధిక భాగాన్ని వదలకుండానే ఆ ఫాస్ఫేటు ఆక్సిజన్లను చేరి వాటి వికర్షణను తగ్గిస్తుంది, దానితో అడెనిన్ వలయాలు ఒకదానిపై ఒకటి పేరుకోవడం సులువవుతుంది. జీవకణంలో ఏటీపీలో అధిక భాగం మెగ్నీషియంతో జతకట్టే ఉంటుంది.

రాగి, జింకు అయాన్ల తీరు ఇంకొకటి. అవి ఫాస్ఫేటుతో పాటు క్షారంలోని ఏడవ స్థానపు నైట్రోజన్‌ను కూడా పట్టుకోగలవు. జింకు ఇలా రెండు ఏటీపీ అణువులను జతచేసి పేరుకునేట్లు చేయగలదు. కానీ గ్వానిన్ చతుష్కానికి కావలసిన హైడ్రోజన్ బంధాలలో ఒక రకం ఆ నైట్రోజన్ మీదే ఆధారపడి ఉంటుంది. దానిని లోహం ఆక్రమిస్తే చతుష్కం కుదరదు.

ప్రశ్న: ఆర్కే బీచ్ సముద్రపు నీటిలో ఈ లోహాలన్నీ ఉన్నాయి కదా, అక్కడ న్యూక్లియోటైడ్లు కూడుకోవా?
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: కూడుకోవు. సాధారణ సముద్రపు నీటిలో సోడియం లీటరుకు దాదాపు 0.47 మోలు, మెగ్నీషియం 0.05, పొటాషియం 0.01 ఉంటాయి, కానీ న్యూక్లియోటైడ్లు లేవనే చెప్పాలి. కూడికకు అణువులే గాఢంగా ఉండాలి. ఆ నీరు ఎండకు ఇగిరితే ముందుగా కాల్షియం కార్బొనేట్, జిప్సం, ఆ తర్వాత సోడియం క్లోరైడ్ స్ఫటికమై వేరుపడతాయి. నౌపడా ఉప్పు మడులలో ఉప్పు తీశాక మిగిలే చేదు నీటిలో సోడియంతో పోలిస్తే పొటాషియం పాలు పెరిగి ఉంటుంది, అయితే మెగ్నీషియం అంతకంటే ఎంతో ఎక్కువగా ఉంటుంది.