కొడుకు మెదడుకు స్కాన్ చేయించాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా ఆయన బెల్టు షాపులో తాగి వచ్చి నా మీద చేయి చేసుకుంటారు. పోయిన నెల అట్లాంటి రాత్రే మా పద్నాలుగేళ్ల కొడుకు విసిరిన చెంబు తగిలి చెల్లెలి నుదురు చిట్లింది. పసుపు అద్దింది కూడా వాడే. అన్నం ముట్టకుండా పడుకున్నాడు. మా అత్తమ్మ తండ్రి రక్తమే అంటుంది. హంతకుల మెదడులో తీగలు సరిగా కలవవని ఫోనులో చూశాను. హైదరాబాద్‌లో స్కాన్ చేయించమంటారా?

జవాబు: అమ్మా, మీరు చూసినదాంట్లో కొంత నిజముంది. భయాన్నీ కోపాన్నీ రగిలించే బాదంగింజంత భాగం మెదడు లోపల, దాన్ని అదుపు చేసే భాగం నుదుటి వెనుక ఉంటాయి; రెంటినీ నరాల తంతువుల కట్ట కలుపుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఖైదీల మీద చేసి 2011లో వెలువరించిన పరిశోధనలో, ఎదుటివారి బాధ పట్టని సైకోపతీ లక్షణాలున్నవారికి ఈ అనుసంధానం తక్కిన ఖైదీలకంటే బలహీనంగా కనిపించింది. పోల్చింది ఖైదీలను ఖైదీలతోనే అన్నది మరవకండి: నేరం చేసిన ప్రతివాడిలోనూ ఆ లోపం ఉండాలని లేదన్నమాట. పైగా అది పెద్దవాళ్ల గుంపుల సగటు లెక్క. ఒక పిల్లవాడి స్కాన్ చూసి, వీడు రేపు హింసకు దిగుతాడని ఏ డాక్టరూ చెప్పలేరు. ఆ దారులు ఇంచుమించు 25 ఏళ్ల వరకూ రూపు దిద్దుకుంటూనే ఉంటాయి.

నన్ను ఆపింది మీ ఉత్తరంలోని పసుపు. చెల్లెలి నెత్తురు చూసి తిండి మానేసిన పిల్లవాడికి ఎదుటివారి బాధ పట్టలేదని ఎలా అనగలం? తల్లి దెబ్బలు తినడం చూస్తూ పెరిగే బిడ్డ మెదడు నిత్యం ప్రమాదానికి కాచుకుని ఉంటుంది కనుక, చిన్న మాటకే చేయి లేస్తుంది.

తలకు దెబ్బ తగలడం, ఫిట్స్, స్పృహ తప్పడం వంటివి ఉంటే స్కాన్ సంగతి డాక్టరే చెబుతారు. లేకుంటే ఆ డబ్బు దాచుకుని, వాణ్ణి మానసిక వైద్యులకు చూపించండి. ముందుగా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా, తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. మీ ఆయన తాగుడు మానడానికి ఒప్పుకుంటే అదీ వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. రోజూ తాగేవారు ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. మీ మీద చేయి ఎత్తితే మహిళా సహాయవాణి 181కి చెప్పండి, ప్రాణభయముంటే అత్యవసర నంబరు 112కి.

రక్తం మాట పిల్లవాడి ముందు ఎత్తవద్దని అత్తమ్మకు గట్టిగా చెప్పండి. ఆయన తాగి వచ్చిన రాత్రి చెల్లెల్ని తీసుకుని పక్కింటికి వెళ్లమని, మిమ్మల్ని కాపాడే బరువు తన మీద లేదని, ఈ రోజే వాడితో కూర్చుని మాట్లాడండి.