గ్లవ్ మార్చడం వాడికే వదిలెయ్

అమ్మడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. బుడ్డోణ్ణి వేసవిలో బేస్‌బాల్‌కి పంపాలా వద్దా అని అడిగావు. పుట్టుకతోనే ఎడం అరచెయ్యి లేనివాడు, తోటి పిల్లలు నవ్వితే ఎలా, బంతి మొహానికి తగిలితే ఎలా అని నీ బెంగ. పంపించు. బంతి సంగతి కోచ్‌ని అడుగు, ఆ వయసు పిల్లలకి మెత్తటి బంతులు వాడతారు. నవ్వుల సంగతి కాస్త వివరంగా రాస్తాను.

డెట్రాయిట్ దగ్గర మేమున్న రోజుల్లో, మీ బావ ఆడే జట్టుకి ఎనిమిది వేసవులు కోచ్ పక్కన నిలబడ్డాను. అక్కడ అందరి నోటా వినిపించే పేరు జిమ్ అబాట్, బేస్‌బాల్ ఆటగాడు. మాకు గంట దూరంలో ఉన్న ఫ్లింట్‌వాడు. 1967లో కుడి చెయ్యి లేకుండా పుట్టాడు. అప్పటికి వాళ్ల అమ్మానాన్నలకి పద్దెనిమిదేళ్లు! నీకున్న చదువూ లేదు, ఉద్యోగమూ లేదు. కొక్కెం ఉన్న కృత్రిమ చెయ్యి పెట్టించి చూశారు. పిల్లాడికి అది నచ్చలేదు, తీసి పక్కన పెట్టేశారు.

వాడు పిచ్చర్, అంటే బ్యాటు పట్టినవాడికి బంతి విసిరేవాడు, ఎలా అయ్యాడో చెబుతాను విను. బంతి పట్టుకోవడానికి వేసుకునే తోలు గ్లవ్‌ని కుడి ముంజేతి చివర ఆనించి పెట్టుకునేవాడు. ఎడం చేత్తో బంతి విసిరిన మరుక్షణం అదే చెయ్యి గ్లవ్‌లోకి దూరిపోయేది. బంతి తిరిగొస్తే పట్టుకుని, గ్లవ్‌ని కుడిచేతి కింద పక్కటెముకలకి అదిమి, చెయ్యి బయటికి లాక్కుని, బంతి తీసి మళ్లీ విసిరేవాడు. చదవడానికే ఇంతసేపు పట్టింది కదా, వాడికి రెప్పపాటు పని. ఇంటి ఇటుక గోడకి బంతి కొడుతూ, రోజురోజుకీ గోడకి దగ్గరగా జరుగుతూ సాధించిన వేగం అది.

అబాట్ వీడియోలు చూపిస్తావేమో, ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఆయనకి లేనిది కుడి చెయ్యి, మనవాడికి ఎడమది. అద్దంలో బొమ్మలాగా అంతా తిరగబడుతుంది. అందుకే "అలా కాదురా, ఇలా" అంటూ వెనకాల నిలబడకు. బంతీ గ్లవ్వూ ఇచ్చి ఇంట్లోకి వెళ్లిపో. కిటికీలోంచి చూస్తావని నాకు తెలుసు, కనబడకుండా చూడు. సాయం చేసి తీరాలనిపిస్తే డాన్ క్లార్క్‌సన్ అనే మాస్టారు చేసినట్టు చెయ్యి. అబాట్‌కి మూడో తరగతిలో టీచరు. ముందు తను ఒంటి చేత్తో బూటు లేసు కట్టడం నేర్చుకుని, ఆ తరవాతే పిల్లాడికి నేర్పాడు.

కోచ్‌తో ఒక్క ముక్క చెప్పు: రైట్ ఫీల్డ్‌లో, అంటే మైదానం కుడివైపు దూరంగా, దాచెయ్యొద్దని. చిన్నపిల్లల ఆటలో బంతి అటు వెళ్లడమే అరుదు. నేనూ ఆ తప్పు చేశాను. ఒక బక్కపిల్లాణ్ణి జాలిపడి సీజనంతా అక్కడే నిలబెట్టాను. గడ్డి పీక్కుంటూ గడిపాడు, మరుసటేడు రానేలేదు. వాళ్ల నాన్న నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇక నవ్వులు. అబాట్ స్కూలు రోజుల్లో అవతలి జట్లు కావాలనే బంట్లు ఆడేవి. అంటే బంతిని గట్టిగా కొట్టకుండా బ్యాటుతో మెల్లిగా ముందుకి వదలడం. ఒంటిచేతివాడు పరిగెత్తుకొచ్చి తీసి విసరలేడని వాళ్ల లెక్క. వాడు తీసి విసిరి అవుట్ చేస్తూ పోయాడు, కొన్నాళ్లకి వాళ్లే మానుకున్నారు. మనవాడి మీదకీ బంట్లు వస్తాయి. నువ్వు గట్టు మీంచి లేచి గొడవపెట్టుకోకు.

ఆయన కథ చెప్పేటప్పుడు సగమే చెప్పకు. మనవాళ్లకి గెలిచిన సగమే ఇష్టం. 1988 సోల్ ఒలింపిక్స్‌లో ఫైనల్ మొత్తం తనే బంతి వేసి జపాన్ మీద అమెరికాని గెలిపించడం, మైనర్ లీగ్ అనే కింది మెట్టు ఎక్కకుండానే 1989లో నేరుగా పెద్ద లీగ్‌కి రావడం, 1991లో పిచ్చర్‌గా తన పేరున 18 గెలుపులు, అన్నీ చెప్పు. 1993 సెప్టెంబర్ 4న న్యూయార్క్ యాంకీస్ జట్టు తరఫున ఆడి, క్లీవ్‌లాండ్ జట్టులో ఒక్కణ్ణీ బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరనివ్వని "నో-హిట్టర్" ఆట కూడా చెప్పు. దాంతోపాటు, ఆరు రోజుల ముందు అదే క్లీవ్‌లాండ్ ఆయన్ని ఏడు పరుగులు బాదితే తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో నాలుగోది పూర్తికాకుండానే దిగిపోయాడనీ చెప్పు. 1996లో రెండు గెలుపులు, 18 ఓటములు. మరుసటేడు పెద్ద లీగ్‌లో ఆటే లేదు. 1998లో తిరిగొచ్చి ఐదాడితే ఐదూ గెలిచాడు. 1999లో మానేసేనాటికి లెక్క 87 గెలుపులు, 108 ఓటములు. నాకు ఆ నో-హిట్టర్ కంటే ఆ 18 ఓటముల ఏడాదే ఎక్కువ గుర్తుంది. వారం వారం దెబ్బ తింటూ మళ్లీ వచ్చి నిలబడేవాడు.

ఇలాంటి పిల్లలు దేశం నలుమూలల నుంచీ ఆయనకి ఉత్తరాలు రాసేవారు, స్టేడియంకి వచ్చేవారు. కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు. మనవాడికీ తనలాంటి చెయ్యి ఉన్న ఇంకొకరు కనబడాలి. మిషిగన్‌లోనే పుట్టిన లక్కీ ఫిన్ ప్రాజెక్ట్ అనే సంస్థ ఇలాంటి కుటుంబాలని కలుపుతుంది, వెతుకు.

కొత్త గ్లవ్ కొనకు. బిర్రుగా ఉంటుంది, చెయ్యి త్వరగా దూరదు. వచ్చే నెల వచ్చేటప్పుడు మీ బావ చిన్నప్పటి పాత గ్లవ్ తెస్తాను, తోలు మెత్తబడి ఉంది. ఈలోపు గరాజ్ గోడకి ప్లైవుడ్ చెక్క బిగించమని మీ ఆయనకి చెప్పు. శబ్దం ఎక్కువే వస్తుంది, పక్కింటివాళ్లకి ముందే ఓ మాట చెప్పి ఉంచండి.

మీ మావయ్య