మ్యాథ్స్ ఎం.ఎస్సీ తర్వాత వాన లెక్కల్లోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది పరకాల. విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. మా బిడ్డ హన్మకొండలో ఎం.ఎస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది చదువుతోంది. బీఈడీ చేసి డీఎస్సీ కొడితే స్కూల్ అసిస్టెంట్ అయితదని మా ఆశ. ఆమేమో వాతావరణ మోడళ్లల్ల పొరపాట్లు ఎట్ల పెరుగుతయో వెక్టర్లతోని లెక్కగట్టే పరిశోధన చేస్తనంటోంది. ప్రాజెక్టు కూడా దాని మీదనే తీసుకుంది. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కావాలంటోంది. ఇదేం చదువు? దీంతోని నౌకరీ దొరుకుతదా?

జవాబు: నౌకరీ దొరుకుతుంది. కానీ ఈ అంశం పేరు మీద దొరకదు. ‘పొరపాట్లు పెరిగే దిశలు లెక్కగట్టేవారు కావలెను’ అని ఏ నోటిఫికేషనూ పడదు. ఆ పని చేస్తూ చేస్తూ చేతికి వచ్చే లెక్కలకు, ప్రోగ్రామింగ్‌కు గిరాకీ ఉంది. ఈ సంగతి మీ బిడ్డకు తెలిసే దిగుతోందా లేదా అన్నది ముందు కనుక్కోండి.

2023 జులై చివరి వారం మీకు గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగితే హెలికాప్టర్లు దించాల్సి వచ్చింది. ఉత్తర తెలంగాణలో భారీ వర్షాలు పడతాయని చెప్పడం ఒక ఎత్తు. ఏ మండలంలో, ఏ రాత్రి, ఎంత పడుతుందో చెప్పడం ఇంకో ఎత్తు. ఆ రెండోది ఎందుకంత కష్టమో తేల్చే పనుల్లో మీ బిడ్డ ఎంచుకున్నదీ ఒకటి.

గాలి, వేడి, తేమ, పీడనం ఎలా మారతాయో చెప్పే సమీకరణాలను కంప్యూటర్ మీద కొద్దికొద్ది నిమిషాల చొప్పున ముందుకు జరుపుతూ పోతారు. అదే మోడల్. మొదలుపెట్టాలంటే ఇప్పుడు వాతావరణం ఎట్లా ఉందో దానికి చెప్పాలి, అది పూర్తిగా ఎవరికీ తెలియదు. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ తన చిన్న మోడల్‌కు 0.506127 బదులు 0.506 ఇచ్చి మళ్లీ నడిపితే కొంతసేపటికి పాత ఫలితానికీ కొత్తదానికీ పొంతనే లేకుండా పోయింది. ఈ కథ అందరూ చెబుతారు. అయితే మొదట్లో ఉండే పొరపాట్లన్నీ అట్లా పెరగవు. చాలావరకు వాటంతటవే చచ్చిపోతాయి. కొన్ని దిశల్లో ఉన్నవి మాత్రం గంటల్లోనో రోజుల్లోనో ఇంతింతవుతాయి. మోడల్‌లో కోట్ల అంకెలుంటాయి కనుక పొరపాటు కూడా కోట్ల అంకెల వెక్టరే, అంటే కోట్ల అంకెల వరుసే. అందులో పెరిగే దిశలేవో తెలిస్తే, ఆ దిశల్లోనే కొంచెం కొంచెం మార్చిన ఆరంభాలతో మోడల్‌ను పదులసార్లు నడిపి, ఫలితాలు ఎంత చెదిరాయో చూసి, అంచనాను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పొచ్చు. దీన్ని ఎన్‌సెంబుల్ అంటారు. 1992 చివర్లో, నెల అటూ ఇటుగా, యూరప్‌లోనూ అమెరికాలోనూ ఇది రోజువారీ పనిలోకి వచ్చింది. మన దేశంలో 2018 నుంచి 12 కిలోమీటర్ల గళ్ల గ్రిడ్‌తో, 21 నడకలతో ప్రపంచమంతటికీ ఇట్లాంటి అంచనాలు వేస్తున్నారు.

దిశలు పట్టుకోవడంలో అమెరికా వాళ్లది ఒక దారి, యూరప్‌ వాళ్లది ఇంకో దారి. అమెరికాలో జోల్టాన్ టోత్, యూజీనియా కాల్నే బ్రెడ్ (అంటే పెంచి తీసిన) వెక్టర్లు తెచ్చారు. మీరు విత్తనాల వ్యాపారి కనుక ఇది తేలిగ్గా పట్టుకుంటారు: ఏటా విత్తి, ఏపుగా పెరిగినదాన్నే ఏరి, మళ్లీ దాన్నే విత్తినట్టు. మోడల్‌ను రెండుసార్లు నడుపుతారు, ఒకటి మామూలుగా, ఇంకొకటి కొంచెం మార్చి. కొన్ని గంటల తర్వాత రెండింటి తేడా తీసుకుని, దాన్ని మళ్లీ మొదటంత చిన్నది చేసి, కొత్త ఆరంభానికి కలిపి నడుపుతారు. కొన్ని రోజులు ఇట్లా చేస్తే చివరికి మిగిలేవి పెరిగే దిశలే. ఈ కాల్నే 1971లో ఎంఐటీ నుంచి వాతావరణ శాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్న మొదటి మహిళ. మీ బిడ్డ ఆమె పేరు మీకు చెప్పే ఉంటుంది.

ఈ పేరా మీ బిడ్డకు, మీరు వదిలేసినా నష్టం లేదు. యూరప్‌ దారి సింగ్యులర్ వెక్టర్లు. ఎం.ఎస్సీలో చదివిన ఐగెన్ విలువలు ఒకటి కంటే చిన్నవైతే అంతా తగ్గిపోతుందని అనుకుంటారు. ఒక చిన్న మ్యాట్రిక్స్ తీసుకోమ్మా: మొదటి వరుస 0.5, 3, రెండో వరుస 0, 0.4. ఐగెన్ విలువలు 0.5, 0.4. రెండూ చిన్నవే. కానీ (0, 1) అనే వెక్టర్ మీద ఒకసారి ప్రయోగించు, (3, 0.4) వస్తుంది. పొడవు మూడింతలు దాటింది! మళ్లీ ప్రయోగిస్తే (2.7, 0.16), ఆ తర్వాత మెల్లగా కరిగిపోతుంది. చివరికి తగ్గేదే, కానీ మధ్యలో ఎగిసిపడింది. మూడు రోజుల అంచనా వేసేవాడికి కావాల్సింది ఆ మధ్యే. అందుకే మ్యాట్రిక్స్‌ను దాని ట్రాన్స్‌పోజ్‌తో గుణించి ఐగెన్ వెక్టర్లు తీస్తారు. అసలు మోడల్‌లో ఆ ట్రాన్స్‌పోజ్‌కు అడ్జాయింట్ అని పేరు, దాని కోడ్ రాయడం నెలల తరబడి పని. బ్రెడ్ వెక్టర్లకు ఆ బాధ లేదు, మోడల్ నడపడం వస్తే చాలు. ఇంకో మాట: పొడవును దేంతో కొలుస్తున్నావన్నదాన్ని బట్టి సింగ్యులర్ వెక్టర్ మారిపోతుంది. గాలి శక్తితో కొలిస్తే ఒకటి, తేమను కలిపితే ఇంకొకటి. వైవాలో మొదట అడిగేది ఇదే.

మోడల్‌లో పెరిగేదంతా ఆకాశంలో పెరిగేది కాదు. లూయిస్ రిచర్డ్‌సన్ చేత్తో వేసి 1922లో అచ్చువేసిన మొదటి సంఖ్యా అంచనాలో 6 గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కల్స్ మారుతుందని వచ్చింది. నిజానికి ఆ రోజు అది దాదాపు కదలనే లేదు. ఆరంభంలో ఇచ్చిన గాలులకూ పీడనానికీ పొత్తు కుదరకపోవడమే కారణం. కాలపు అడుగు గ్రిడ్‌కు మించి పెద్దదైతే పుట్టే ఉబ్బు ఇంకో రకం, దాని హద్దు 1928లో కురాంట్, ఫ్రెడ్రిక్స్, లెవీ చెప్పారు. నాకు తెలిసి మోడల్‌లో పుట్టే పెరుగుదలనూ ఆకాశంలోని అసలు పెరుగుదలనూ విడదీయగలవాళ్లు తక్కువ. విడదీయగలిగినవాళ్లకు ఎక్కడైనా సీటుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. బ్రెడ్ వెక్టర్లు ముప్పై ఏళ్ల పాత పద్ధతి. అమెరికా వాతావరణ కేంద్రం తన రోజువారీ ఎన్‌సెంబుల్‌లో దాన్ని ఎప్పుడో దాటి వేరే పద్ధతులకు వెళ్లింది. పాత పద్ధతినే మళ్లీ చేసి చూపడానికైతే పీహెచ్‌డీ దండగ. కానీ మన రుతుపవనాల వాన మీద చేసేదింకా చాలా ఉంది. నడి అక్షాంశాల తుపానుల్లో పొరపాటు రోజుల్లో పెరుగుతుంది, మన కుండపోత మేఘాల్లో గంటల్లోనే పెరిగి నిండిపోతుంది. మార్పు ఎంత చిన్నది, ఎన్ని గంటలకోసారి కుదించాలి అన్నదాన్ని బట్టి అదే పద్ధతి ఒకసారి మేఘాలను, ఇంకోసారి వాయుగుండాన్ని పట్టి చూపుతుంది. సముద్రాన్ని కలిపి నెలల తేడాతో చేస్తే ఎల్‌నినోను కూడా చూపుతుంది. అందుకే ప్రాజెక్టు పేరులో వెక్టర్లు ఉంటే సరిపోదు, వాన ఉండాలి.

ఈ చదువుకు ఇప్పుడు గిరాకీ పెరగడానికి ఇంకో కారణముంది. పైన చెప్పిన అడ్జాయింట్, ఏఐ వెనకుండే న్యూరల్ నెట్‌వర్క్‌లకు నేర్పే బ్యాక్‌ప్రాపగేషన్ లెక్కలో ఒకటే. యూరప్ వాతావరణ కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన ఏఐ మోడల్‌ను రోజువారీ సేవలోకి తెచ్చింది. అట్లాంటి మోడళ్లు చిన్న పొరపాటును అసలు వాతావరణమంత వేగంగా పెంచవని పరిశోధనలు చూపాయి. ఎందుకు, దాంతో ఎన్‌సెంబుల్ ఎంత చెడుతుంది అన్నవి ఇప్పుడు అందరూ తలపట్టుకున్న ప్రశ్నలు. అడ్జాయింట్ చేతితో రాసిన పిల్ల వాతావరణం వదిలేసినా పవన, సౌర విద్యుత్ అంచనాల్లోకో, ఏఐ కంపెనీలోకో పోగలదు. సర్కారు ఉద్యోగాలు (వాతావరణ శాఖ, పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, నోయిడాలోని వాతావరణ అంచనాల కేంద్రం ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్, మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్) ఉన్నాయి గానీ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు.

దారి ఇది. ఈ ఏడాది సీఎస్‌ఐఆర్ నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో మ్యాథమెటికల్ సైన్సెస్ రాయాలి. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె వేరే. ఆడపిల్లలకు వయసులో సడలింపు కూడా ఉంది. దాంతోపాటు గేట్‌లో ఇంజినీరింగ్ సైన్సెస్ పేపరు చూడమనండి, అందులో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ ఢిల్లీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో ఈ శాస్త్రాలకు విడి కేంద్రాలున్నాయి. ఏ ప్రకటనలో ఏ డిగ్రీ అడిగారో మాత్రం ఒకటికి రెండుసార్లు చదవాలి.

ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేర్చొద్దు. ఇది గట్టిగా చెబుతున్నా. నెట్ ఏటా రెండుసార్లు ఉంటుంది. రెండూ రాసి, రాకపోతే ఎడ్‌సెట్ ఎటూ ఏటా వస్తుంది, బీఈడీ ఎక్కడికీ పోదు. మీరు కోరుకుంటున్న టీచర్ ఉద్యోగం తక్కువదని నేననడం లేదు. కానీ మీ బిడ్డ దాన్ని రెండో దారిగానే చూస్తోందని మీ ఉత్తరంలోనే కనబడుతోంది. పెళ్లి మాట మీరెత్తలేదు కనుక నేనూ ఎత్తను.

ల్యాప్‌టాప్ సంగతి. లక్ష అక్కర్లేదు. మొదట లోరెంజ్ మూడు సమీకరణాల మోడల్‌ను పైథాన్‌లో రాసి, దాని మీద బ్రెడ్ వెక్టర్లు తీయమనండి. ఇంట్లో ఉన్న పాత మెషీన్ చాలు, లేదంటే గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా అవుతుంది. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పిల్లలే వేసవి ఇంటర్న్‌షిప్‌లో సరిగ్గా ఇదే చేశారు. బ్రెడ్ వెక్టర్ వేగంగా పెరిగితే మోడల్ (దాని బొమ్మ సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుంది) ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకు దూకబోతోందని కనిపెట్టారు, అది 2004లో అచ్చయింది. మీ బిడ్డ ఆ బొమ్మ తన చేత్తో గీసుకుంటే ఈ పని తనకు పడుతుందో లేదో తనకే తెలుస్తుంది. రెండు నెలలైనా కోడ్ ముట్టుకోకపోతే అదీ జవాబే. నిజమైన మోడళ్లు నడిపేది సంస్థల సూపర్ కంప్యూటర్ల మీద, వాటికి ల్యాప్‌టాప్ కిటికీ మాత్రమే.

గైడ్‌ను ఎంచుకునే ముందు మీ బిడ్డను రెండు సంగతులు కనుక్కోమనండి: విద్యార్థులకు నడిపే మోడల్, దానికి కంప్యూటర్ సమయం చేతికిస్తారా? కిందటి విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు? రెండోదానికి గైడ్ చెప్పింది విని ఊరుకోకుండా, ఆ విద్యార్థుల్లో ఇద్దరికైనా ఫోన్ చేసి అడగాలి.