గేటు గొళ్ళెం ఎవరు తీశారు?

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన రైల్వే వర్క్‌షాప్ క్రికెట్ క్లబ్ చరిత్ర చదివాను. మూడో పేజీ దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాను. ‘కాలక్రమంలో క్లబ్ ద్వారాలు స్థానిక సమాజానికి తెరుచుకున్నాయి’ అన్నావు. అమ్మా, ఆ గేటు నేనెరుగుదును. తుప్పుపట్టి, ఇద్దరు కలిసి నెడితే గానీ కదిలేది కాదు. దానంతటది ఎలా తెరుచుకుంటుంది? ఎవరో గొళ్ళెం తీశారు. తీసిందెవరు, చూసీ చూడనట్టు ఊరుకున్నదెవరు, వద్దని గోలచేసిందెవరు? అది చెప్పడానికే కదా కలం పట్టావు! ‘తెరుచుకుంది’, ‘ఏర్పడింది’, ‘జరిగింది’... ఇవి ప్రెస్‌నోటు రాసేవాళ్ళకి వదిలెయ్యి. మనిషి కనపడని వాక్యం కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఉద్యోగులు కానివాళ్ళకి సభ్యత్వమిస్తూ కమిటీ తీర్మానం చేసిన రోజే మొదలంటావు. అంతకు ఆరేడేళ్ళ ముందే మేం లోపలున్నాం. ఆదివారం మ్యాచ్ ఉండేది, ఓవర్‌టైమూ ఉండేది. ఓవర్‌టైం పడిందా, తొమ్మిదిమందే తేలేవాళ్ళు. మా నాన్నది కూరగాయల బండి, నాకూ వర్క్‌షాప్‌కీ ఏ సంబంధమూ లేదు. గోడెక్కి కూచుని, కాలవలో పడ్డ బంతి కడిగి ఇచ్చేవాణ్ణి. ‘ఒరే, లాంగాన్‌లో నిలబడు’ అన్నారొకరోజు. ఇంకోరోజు డ్యూటీ పడి రాలేకపోయిన ఫిట్టర్ పేరుమీద బ్యాటింగూ చేశాను. 23 కొట్టాను. స్కోరుబుక్కులో ఆ 23 ఇప్పటికీ ఆయన ఖాతాలోనే ఉన్నాయి. సోమవారం వర్క్‌షాపులో ఆయన భుజం తట్టి టీ తాగించారట!

పల్వంకర్ బాలూ ఊసే లేదేం? పుణెలో తెల్లదొరల క్లబ్బులో నెలకి 4 రూపాయల జీతం. పిచ్ మీద రోలరు లాగి, నెట్లు కట్టి, దొరల ప్రాక్టీసుకి బంతులేసిన దళితుడు. తర్వాత బొంబాయిలో రైల్వే కంపెనీ జట్టుకి ఆడాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళి 114 వికెట్లు తీశాడు. అంతకుముందు పుణెలో హిందూ జట్టు అతన్ని చేర్చుకున్నాక కూడా, టీ వేళకి పెవిలియన్ బయటే నిలబెట్టి మట్టి ముంతలో పోసిచ్చేవాళ్ళు. మైదానంలోకి రానిచ్చారు, పెవిలియన్‌లోకి కాదు. మీ క్లబ్బులోనూ గేటు సంగతి వేరు, క్యాంటీన్ సంగతి వేరు. మేం లోపలికొచ్చిన ఎన్నాళ్ళకి మాకూ ఓ ప్లేటు దొరికింది? కప్పులూ షీల్డులూ రెండు పేజీలు రాశావు, ప్లేటు గురించి ఒక్క వాక్యం లేదు.

ఇదే ముంత సంగతి పాతికేళ్ళ కిందట ఒక ఆదివారం అనుబంధానికి రాసి పంపాను. ఎడిటర్‌గారు ముంత కొట్టేసి, మంత్రిగారి చేతిలో కప్పున్న ఫోటో వేశారు. పారితోషికం ఇంకా రావాలి. ఇప్పుడు కొత్తగా ‘స్ఫూర్తిదాయకం’ అని ఒకటి పట్టుకున్నారు, పులిహోరలో పోపులా అన్నింట్లో అదే. నీ వ్యాసంలోనే ఐదుసార్లుంది, లెక్కపెట్టాను.

మిథాలీ రాజ్ పేరు చివర్లో దండలా వేశావు. ఆవిడ సికింద్రాబాద్‌లో పెరిగిందీ, రైల్వే ఉద్యోగం చేసిందీ నిజమే. 2006లో మహిళల క్రికెట్ బీసీసీఐ కిందికి వచ్చేదాకా చాలామంది ఆడపిల్లలకి నెలజీతమిచ్చి నిలబెట్టింది రైల్వేలే. సరే, మీ మైదానంలో మొదటి ఆడపిల్ల ప్యాడ్లు ఎప్పుడు కట్టింది? ఆడపిల్లవై ఉండీ అడగలేదే!

వాన చుక్క పడగానే నలుగురు పరుగెత్తి పీచు మ్యాట్ చుట్టేవాళ్ళని రాశావు చూడు, అక్కడ మాత్రం తడిమట్టి వాసన తగిలింది. ఏ పత్రికకి పంపాలన్న సంగతి తర్వాత చూద్దాం.

ఆ మ్యాట్ పరిచే పెద్దాయన ఇంకా ఉన్నాడన్నావుగా. పొద్దున్నే వెళ్ళు. గేటు తాళంచెవి ఎవరి మొలతాడుకి వేలాడేదో అడుగు. పాత స్కోరుబుక్కులు ఆయన పెట్టెలో ఉంటే నా 23 కూడా ఓసారి వెతికి చూడు. మూడు ఫోర్లున్నాయి అందులో.

ఆశీస్సులతో.