పావుగంటకు మళ్లీ స్టార్ట్ అవుతోందా? పంపు విప్పొద్దు

ప్రశ్న: అన్నా, మాది 2010 మోడల్ డీజిల్ కారు, కామన్ రైల్ (ఒకే పైపు నుంచి అన్ని సిలిండర్లకు ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ పోయే) ఇంజన్. హనుమకొండలో బయల్దేరితే గట్టమ్మ గుడి దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి బంద్ అయితోంది. పావుగంట ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ కానట్టే స్టార్ట్ అయితది. బ్యాటరీ, డీజిల్ ఫిల్టర్ మార్చినం. ఇప్పుడు హైప్రెషర్ పంపు మార్చాలంటున్నరు. మార్చమంటవా?
– ఒక పాఠకుడు, ములుగు

జవాబు: ఇప్పుడే వద్దు. ఆగేముందు బండి ఎట్లా నడిచిందో మీరు రాయలేదు. నాకు కావాల్సింది అదే.

స్విచ్ తీసేసినట్టు టక్కున ఆగిందా? అయితే నా మొదటి అనుమానం క్రాంక్ సెన్సార్ మీద. ఇంజన్ తిరుగుతోందని బండిలోని కంప్యూటర్‌కు చెప్పేది అదే. పాతబడిన సెన్సార్ వేడెక్కితే లోపల కనెక్షన్ తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. సిగ్నల్ లేకపోతే కంప్యూటర్ డీజిల్ కొట్టడం ఆపేస్తుంది. ఈసారి ఆగగానే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. మామూలుగా అది కొంచెం లేవాలి. సున్నా దగ్గరే పడుకుంటే సెన్సార్‌నీ, దాని వైరునూ చూపించండి. వైరు ఇంజన్‌కు రాసుకుని లోపలి రాగి బయటపడిన బండ్లు చాలా చూశాను. బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో లోపం కోడ్ రాలేదని సెన్సార్ బాగున్నట్టు కాదు.

అట్లా కాక జర్కులు ఇచ్చి, పికప్ పోయి ఆగితే గొడవ డీజిల్ దారిలో ఉంటుంది. ట్యాంకు జాలీలో చెత్త, ఫిల్టర్‌లో నీళ్లు, లేదంటే గాలి. మీరు ఫిల్టర్ మార్పించారు కాబట్టి నేనైతే గాలినే ముందు చూస్తాను. పరకాల నుంచి ఒక బండి పంపు కూడా మార్చుకున్నాకే మా షెడ్డుకు వచ్చింది. ఫిల్టర్ నుంచి పంపుకు పోయే పైపు మధ్యలో జానెడు ప్లాస్టిక్ ట్యూబు పెట్టి స్టార్ట్ చేశాం. ఆవగింజలంత బుడగలు వరసగా పోతున్నాయి. క్లిప్పు కింద రబ్బరు పైపుకు గోరంత పగులు. అక్కడ డీజిల్ చుక్క కారలేదు, గాలి మాత్రం లోపలికి లాగుతోంది. ఆ కుటుంబం పంపుకు పెట్టిన డబ్బు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఈ ట్యూబు పంపుకు ముందే పెట్టాలి. పంపు తర్వాతి ఇనుప పైపులు ఇంజన్ నడుస్తుండగా విప్పితే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

రోడ్డు మీద ఆగితే కంగారుగా తాళం తీయొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు చేతులతో తిప్పండి. బ్రేక్ పదేపదే తొక్కితే గట్టిపడుతుంది, ఒకేసారి నొక్కిపట్టి పక్కకు ఆపండి. ముల్లు లేచిందో లేదో మళ్లీ రాయండి.