రికార్డు స్థానం చూపించే కోడ్ ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: నేను బీసీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. విజువల్ బేసిక్ డాట్ నెట్‌లో ఆసుపత్రి రోగుల నమోదు ప్రోగ్రాం మా ప్రాజెక్టు. తెర అడుగున ‘340లో 12వ రికార్డు’ అని చూపించాలి, రిఫ్రెష్ చేశాక మళ్లీ అదే రికార్డు కనిపించాలి. మొదటిది వచ్చింది, రెండోది ఒక్కోసారి వేరే రోగిని చూపిస్తోంది. ఇది పాత పద్ధతి, వదిలేసి వెబ్ ప్రోగ్రాములు మొదటినుంచి చివరిదాకా నేర్పే ఫుల్ స్టాక్ కోర్సులో చేరమని సీనియర్లు అంటున్నారు. దీనిమీద ఇంకా సమయం పెట్టవచ్చా?

జవాబు: ఈ ఒక్క అంశం తెలుసని ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్ష సిలబస్‌లోని డేటాబేస్ భాగంలో రిలేషనల్ ఆల్జీబ్రా, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష), నార్మల్ ఫారాలు, ఇండెక్సింగ్, ట్రాన్సాక్షన్లు ఉంటాయి గానీ, ఫారం మీద రికార్డు సంఖ్య చూపించడం ఉండదు. మీ దృష్టి గేట్ మీదే ఉంటే ప్రాజెక్టును సరిచేసి సమర్పించి, ఇంతటితో వదిలేయండి. ఉద్యోగమే లక్ష్యమైతే మాత్రం, ‘వేరే రోగిని చూపిస్తోంది’ అన్న మీ వాక్యం దగ్గరే కొంతకాలం ఆగాలని నా సలహా. మీ సీనియర్లు చెబుతున్న వెబ్ ప్రోగ్రాముల్లోనూ ఇదే తప్పు మరో రూపంలో ఎదురవుతుంది.

లెక్కింపు సంగతి చిన్నది, త్వరగా చెప్పేస్తాను. ఫారాన్ని డేటాతో కలపడానికి మీరు వాడుతున్న బైండింగ్‌సోర్స్‌లో పొజిషన్, అంటే ప్రస్తుత రికార్డు స్థానం, సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి తెర మీద చూపేటప్పుడు ఒకటి కలపాలి. జాబితా ఖాళీగా ఉన్నప్పుడు పొజిషన్ మైనస్ ఒకటి అవుతుంది, దానికి ఒకటి కలిపితే సున్నా వస్తుంది, లేబుల్ తనంతట తానే సరిపోతుంది. డేటాబేస్‌ను అందుకోవడానికి వాడే పాత లైబ్రరీ డీఏఓలో రికార్డు స్థానం చెప్పే ఆబ్సల్యూట్‌పొజిషన్ సున్నా నుంచి, దాని తర్వాత వచ్చిన ఏడీఓలో అదే పేరున్న ప్రాపర్టీ ఒకటి నుంచి లెక్కిస్తాయి. రెండూ మైక్రోసాఫ్ట్ తయారుచేసినవే కావడం విచిత్రం. జావాలో డేటాబేస్ ఇచ్చిన ఫలితాన్ని ఉంచే రిజల్ట్‌సెట్ మీద గెట్‌రో పిలిస్తే లెక్క ఒకటి నుంచి వస్తుంది, ఏ వరుస మీదా లేకపోతే సున్నా వస్తుంది. ఇవన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు, అవసరమైనప్పుడు డాక్యుమెంటేషన్ చూసుకుంటే చాలు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. రిఫ్రెష్‌కు ముందు మీరు పొజిషన్‌ను ఒక వేరియబుల్‌లో దాచి, తర్వాత దాన్నే తిరిగి పెడుతున్నారని అనుకుంటున్నాను. ఈలోగా మరో కౌంటర్‌లోని ఉద్యోగి పైనున్న ఒక రికార్డును తొలగించినా, పేర్ల వరుసలో ముందుకు వచ్చే కొత్త రోగిని చేర్చినా, అదే స్థానంలో ఇప్పుడు మరొకరు ఉంటారు. రేషన్ దుకాణం ముందు వరుసలో నాలుగో మనిషి ఎవరన్నది గంట గంటకూ మారుతుంది, ఆ మనిషి చేతిలోని కార్డు సంఖ్య మారదు. మీరు గుర్తుపెట్టుకోవలసింది కార్డు సంఖ్యను, అంటే ఏ రెండు రికార్డులకూ ఒకటే కాని గుర్తింపును, ప్రైమరీ కీని. రిఫ్రెష్‌కు ముందు రోగి ఐడీని దాచి, తర్వాత ఫైండ్ మెథడ్‌తో ఆ ఐడీ ఇప్పుడు ఏ స్థానంలో ఉందో వెతికి, వచ్చిన విలువను పొజిషన్‌కు ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ఆ రోగి రికార్డును ఎవరో తొలగించి ఉంటే ఫైండ్ మైనస్ ఒకటి ఇస్తుంది. దాన్ని పరీక్షించకుండా నేరుగా పొజిషన్‌కు ఇస్తే ఎర్రర్ రాదు, ప్రోగ్రాం నిశ్శబ్దంగా మొదటి రికార్డు మీదికి వెళ్లిపోతుంది; మొత్తం సంఖ్యను మించిన విలువ ఇస్తే చివరి రికార్డు మీదికి వెళ్తుంది. ఎర్రర్ వచ్చి ఆగిపోయే ప్రోగ్రాం కంటే, ఆగకుండా మరొకరి వివరాలు చూపించే ప్రోగ్రాం ఆసుపత్రిలో ఎంత ప్రమాదకరమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మైనస్ ఒకటి వచ్చినప్పుడు ‘ఈ రికార్డు ఇప్పుడు లేదు’ అని వినియోగదారుకు చెప్పాలి.

ఈ గందరగోళానికి కారణం చరిత్రలో ఉంది. డీబేస్, ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ ప్రోగ్రాముల కాలంలో ఫైలులోని ప్రతి రికార్డుకూ ఒక సంఖ్య ఉండేది, రెక్‌నో అడిగితే చెప్పేది, స్కిప్ అంటే తర్వాతి దానికి వెళ్లేది. 1970లో ఐబీఎంలోని ఈ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన, డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ నమూనాలో వరుసలకు క్రమమే లేదు. ఎస్‌క్యూఎల్‌లో ఏ క్రమంలో కావాలో చెప్పే ఆర్డర్ బై రాయకపోతే వరుసలు ఏ క్రమంలో వస్తాయన్న హామీ ఉండదు. రాసినా, ఇద్దరు రోగుల పేర్లు ఒకటే అయితే వారిలో ఎవరు ముందో తేలదు. అందుకే ఆర్డర్ బైలో పేరు తర్వాత ఐడీని కూడా చేర్చడం మంచి అలవాటు.

ఇప్పుడు మీ సీనియర్లు చెప్పే వెబ్ వైపు చూడండి. పేజీకి 20 వరుసల చొప్పున చూపించే జాబితాలో రెండో పేజీ కోసం ఆఫ్‌సెట్ 20 అని, అంటే మొదటి 20 వరుసలు వదిలేయమని, రాస్తారు. వినియోగదారు మొదటి పేజీ చదువుతుండగా జాబితా పైభాగాన ఒక వరుస చేరితే, మొదటి పేజీ చివరి వరుస రెండో పేజీలో మళ్లీ కనిపిస్తుంది. ఒక వరుస తొలగిపోతే ఇంకొకటి అసలు కనిపించకుండానే దాటిపోతుంది. పైగా ఆఫ్‌సెట్ పెద్దదయ్యేకొద్దీ సర్వర్ అన్ని వరుసలనూ దాటుకుంటూ రావాలి కనుక ఆలస్యం పెరుగుతుంది. చివరిగా చూపిన ఐడీని పట్టుకుని, దాని తర్వాతివి ఇవ్వమని అడగడాన్ని కీసెట్ పేజినేషన్ అంటారు. మీ ఫారంలో పొజిషన్ బదులు రోగి ఐడీని దాచడం వెనుక ఉన్న ఆలోచనే ఇందులోనూ ఉంది.

కాబట్టి ఈ ప్రాజెక్టులో ఒక పరీక్ష చేసి చూడండి. ప్రోగ్రాంను రెండు కంప్యూటర్లలో తెరిచి, ఒకదానిలో 12వ రికార్డు మీద ఉండి, రెండోదానిలో ఐదో రికార్డును తొలగించి, మొదటిదాన్ని రిఫ్రెష్ చేయండి. పాత కోడ్‌తో ఏం జరిగింది, మార్చిన కోడ్‌తో ఏం జరిగింది అన్నది ప్రాజెక్టు నివేదికలో అర పేజీ రాయండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే స్క్రీన్ల జాబితా చదవకుండా ఈ ఒక్క సంఘటనే చెప్పండి. మీరు సొంతంగా కోడ్ రాశారా, ఎవరిదో తెచ్చుకున్నారా అన్నది ఇంటర్వ్యూ చేసేవారికి అక్కడే తెలిసిపోతుంది.

ఫుల్ స్టాక్ కోర్సు సంగతికి వస్తే, చేరవద్దని నేను అనను. ఫీజు కట్టే ముందు వారి సిలబస్ తెప్పించుకుని, ఎస్‌క్యూఎల్‌కు ఎన్ని తరగతులు కేటాయించారో, జాయిన్లు, ఇండెక్సులు, ట్రాన్సాక్షన్లు అందులో ఉన్నాయో లేదో చూడండి. డేటాబేస్‌ను రెండు మూడు తరగతుల్లో ముగించి మిగతాదంతా తెరల అలంకరణకే కేటాయించిన కోర్సు అయితే, ముందు ఇంట్లోనే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఇన్‌స్టాల్ చేసుకుని ఎస్‌క్యూఎల్ సాధన చేయండి. దానికి ఖర్చేమీ ఉండదు. కోర్సులో చేరడం ఆ తర్వాత ఆలోచించవచ్చు.