అమ్మాయి ఫీజు కోసం ఆపద డబ్బు తీయకండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర ఒక ఊరు. నాకు 46 ఏళ్ళు. ఎలక్ట్రికల్ సామాన్ల షాపు, ఎకరం కొబ్బరి తోట ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 28 వేలు. అబ్బాయి తొమ్మిదో తరగతి. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. తన ర్యాంకుకు కన్వీనర్ కోటాలో భీమవరంలో ఈసీఈ రావచ్చంటున్నారు. ఫీజు ఏడాదికి 70 వేలు, కాలేజీ బస్సుకు 30 వేలు. తనకేమో కంప్యూటర్ సైన్స్ కావాలి. విజయవాడ వైపు మేనేజ్‌మెంట్ సీటు తీసుకుంటే హాస్టల్‌తో కలిపి ఏడాదికి 3 లక్షలు. రీయింబర్స్‌మెంట్ మాకు రాదు. బ్యాంకులో ఉన్న 3.2 లక్షల ఎఫ్‌డీ తీసి మొదటి ఏడాది కట్టేద్దామనుకుంటున్నాను. ల్యాప్‌టాప్‌కీ మిగతా ఖర్చులకూ తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు ఇస్తానన్నారు. అందులో లక్ష రొయ్యల చెరువులో పెడితే రెండో ఏడాది ఫీజు వచ్చేస్తుందని మా బావమరిది అంటున్నాడు. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుని చదువు కాకుండానే అమ్మాయి నెత్తిన అప్పు పెట్టడం నాకిష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చేయబోతున్న పనే ఈ రెండు నెలల్లో డెల్టాలో చాలా ఇళ్ళల్లో జరుగుతుంది. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను. పిల్లల్ని కాలేజీకి పంపే తొందరలో ఇంట్లో ఉన్న ఒక్క ఎఫ్‌డీ తీసేస్తారు. మొదటి ఏడాది గట్టెక్కామని ఊపిరి పీల్చుకుంటారు. ఆ తర్వాత ఏ చిన్న కష్టం వచ్చినా నోటు రాయాల్సిందే.

ముందు మీ ఆదాయం సంగతి చూద్దాం. షాపు ఒకటి, తోట ఒకటి, రెండు ఆదాయాలున్నాయని మీ ధైర్యం. కానీ ఆ రెండూ ఒకే గోదావరి పక్కన ఉన్నాయి. పెద్ద వరద వస్తే షాపులో మోటార్లు, వైర్లు తడుస్తాయి. ఊళ్ళో వాళ్ళకూ చేతిలో డబ్బు ఆడదు కాబట్టి బేరాలు ఆగిపోతాయి, అరువు బాకీలు వసూలు కావు. గాలివాన వస్తే తోట పోతుంది. 1996 నవంబరు 6 తుపాను నాటికి మీరు కూడా ఇంచుమించు మీ అమ్మాయి వయసులోనే ఉండి ఉంటారు. కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మళ్ళీ మొక్క వేసి కాపు చూడాలంటే ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు మీ బావమరిది చెబుతున్న చెరువు కూడా ఆ నీళ్ళ పక్కనే ఉంది. ఒక దెబ్బకే మూడూ పోవచ్చు.

ఇక నెలలు చూడండి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ సాధారణంగా జులై, ఆగస్టుల్లో జరుగుతుంది. సార్వా పెట్టుబడులూ అప్పుడే. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. 2022 జులైలో మూడో హెచ్చరిక దాకా వెళ్ళింది. ఆ నెల మొదట్లో నా దగ్గరికి వచ్చే ఒక లంక రైతు కూతురి ఇంటర్ ఫీజు, హాస్టల్ ఫీజు ఒకేసారి కట్టేశారు. అలా కడితే పదిహేను వేలు తగ్గిస్తామన్నారట. ఆయన దగ్గరున్న రొక్కమంతా అదే. రెండు వారాలు తిరక్కుండానే ఇల్లు నీళ్ళలో ఉంది. పశువుల్ని ఒడ్డుకు చేర్చడానికీ, తర్వాత ఇల్లు బాగుచేసుకోవడానికీ మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. తగ్గించుకున్న పదిహేను వేలు ఆరు నెలలు కూడా నిలవలేదు. ఫీజు కట్టడం ఆయన తప్పు కాదు. ఆపద కోసం ఉంచిన డబ్బుతో కట్టడం తప్పు.

నెల జీతం వచ్చేవాళ్ళకు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమంటాను. మీలాంటివారికి తొమ్మిది నెలలు. 28 వేల చొప్పున 2,52,000 అవుతుంది. ఆ మొత్తం ఇప్పుడు మీ దగ్గర ఉంది. చాలామందికి ఉండదు, ఇన్నేళ్ళు కష్టపడి మీరు కూడబెట్టుకున్నారు. దాన్ని ఒక్క అడ్మిషన్ రోజు ఖర్చు పెట్టకండి. ఎఫ్‌డీని 50 వేల చొప్పున ఐదుగా, మీ ఆలుమగలిద్దరి పేరునా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా వేయించండి. అవసరమైతే ఒకటి తీసినా మిగతావి కదలవు. పైన మిగిలే 70 వేలు అమ్మాయి ల్యాప్‌టాప్‌కీ, మొదటి ఖర్చులకూ సరిపోతాయి. అప్పుడు ఆ రెండు లక్షల అప్పు దేనికి?

ఆ అప్పు లెక్క మీరు వేసినట్టు లేరు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 2 లక్షలకు నెలకు 4 వేలు. చదువు నాలుగేళ్ళలో వడ్డీయే 1,92,000. అదీ నెలనెలా ఆగకుండా కడితేనే. కట్టలేకపోతే మూడేళ్ళకు నోటు కాలం చెల్లకుండా తిరగరాయమంటారు. అప్పటికి వడ్డీ 1,44,000 అసలులో కలిసి 3,44,000 అవుతుంది, నెలకు వడ్డీ 6,880. అమ్మాయి నెత్తిన అప్పు వద్దంటూ ఇలాంటి అప్పు ఇంటి నెత్తిన పెట్టబోతున్నారు. రేపు తనకు ఉద్యోగం వస్తే మొదటి జీతం ఈ నోటుకే పోతుంది. తెలిసినాయన మంచివారే అయి ఉండొచ్చు, 24 శాతం మాత్రం మంచిది కాదు.

రొయ్యల సంగతి ఒక్క మాటలో చెబుతాను. వడ్డీకి తెచ్చిన డబ్బు చెరువులో పెట్టకండి. వైరస్ పట్టినా, ధర పడినా ఫీజు గడువు ఆగదు.

సీటు విషయం. ఏ బ్రాంచి చదవాలో అమ్మాయి ఇష్టం, అందులో నేను తలదూర్చను. కానీ మీరు మొదటి ఏడాదే లెక్కేశారు. మేనేజ్‌మెంట్ సీటుకు నాలుగేళ్ళకు 12 లక్షలు. బ్యాంకులు మామూలుగా తనఖా లేకుండా ఇచ్చేది 7.5 లక్షల దాకానే. మిగతాది మళ్ళీ నోట్లే, ఈలోగా మీ అబ్బాయి కూడా ఇంటర్ దాటేస్తాడు. కన్వీనర్ సీటుకు నాలుగేళ్ళకు 4 లక్షలు. ఆ మేరకైతే మామూలుగా మీ వాటా కూడా అడగకుండా లోన్ ఇస్తారు. తీర్చడం చదువయ్యాక ఏడాదికి మొదలవుతుంది. ఒక్కసారిగా కాకుండా ఏటా ఫీజు కట్టే వేళకు డబ్బు విడుదల చేస్తారు కాబట్టి మొదట్లో వడ్డీ తక్కువే. వడ్డీ పదిన్నర శాతం అనుకుంటే లక్షకు నెలకు 875 రూపాయలు. చదువుతున్నన్నాళ్ళూ ఆ వడ్డీ మీరు కట్టేస్తే అసలు పెరగదు. చదువు లోన్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఆ కాలేజీ ఉందేమో చూడండి. ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే, 10 లక్షల వరకు లోన్‌కు తీర్చడం మొదలయ్యేదాకా వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది.

ఈ లెక్కలన్నీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి చూపించండి. పద్దెనిమిదేళ్ళ పిల్లకు ఇంట్లో ఎంత ఉందో తెలియకుండా సీటు ఎంచుకోమనడం అన్యాయం. తెలిస్తే తను కూడా ఆలోచిస్తుంది. ఈసీఈ చదువుతూ ప్రోగ్రామింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవాళ్ళను నేను చాలామందిని చూశాను. అన్నీ విన్నాక కూడా సీఎస్ఈయే కావాలంటే, దగ్గరి కాలేజీల్లో కన్వీనర్ కోటాలో దొరికేలా ఆప్షన్లు ఎక్కువ పెట్టమనండి. తన పేరున బ్యాంకు ఖాతా తెరిచి నెలకు ఇంత అని వేయండి. ఆ లెక్క తనే రాసుకోవాలి.

ఒకవేళ సీటు పోతుందని భయపెట్టి ఎవరైనా ఇప్పటికే అడ్వాన్సు కట్టించుకుని ఉంటే రసీదు జాగ్రత్త చేసుకోండి. కోర్సు మొదలవకముందే సీటు వదులుకుంటే 1,000 రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాది తిరిగివ్వాలని ఇంజనీరింగ్ కాలేజీలను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ఉంది.

టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్ళకు డబ్బు వచ్చే బీమా, గురించి మీరు రాయలేదంటే లేదనే అనుకుంటున్నాను. లోన్ మీద సంతకం పెట్టేలోపు కనీసం 50 లక్షలకు తీసుకోండి. ఇంట్లో బంగారం ఉంటే ఇప్పుడు కదపకండి. మరీ ఇరుకులో పడితే బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు.

కౌన్సెలింగ్ తేదీలు రాకముందే మీ ఖాతా ఉన్న బ్రాంచికి అమ్మాయితో కలిసి వెళ్ళండి. ఇంటర్ మార్కుల మెమో, ర్యాంకు కార్డు, మీ ఆదాయపు పన్ను రిటర్నులు పట్టుకెళ్ళండి. ఏ కాగితాలు కావాలో రాయించుకోండి, విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి. నోటు ఇస్తానన్నాయనకు ఈ రోజే ఫోన్ చేసి, డబ్బు అవసరం లేదండీ అని చెప్పేయండి.